కవరు చదువు

సుజనను చూస్తే మీకూ నచ్చి ఉండేది కాదు. మొదటిరోజు నాకూ నచ్చలేదు. తొంభై మూడు మే నెలలో, ఆత్మకూరు బస్టాండులో, నా చేతిలోని పుస్తకం అట్ట చూసి తిన్నగా వచ్చి నా ముందు నిలబడింది.

"నువ్వు కూడా బీయస్సీనా అక్కా? ప్రాక్టికల్సుకేనా? యాడ ఉంటావు?"

ఈ ఊళ్ళోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేస్తానని, క్వార్టర్సులో ఒక్కదాన్నే ఉంటానని చెప్పాను.

"అయితే నేనూ ఆడనే ఉంటా. హాస్టలు నిండా నల్లులంట" అంటూ తన సంచి నా చేతిలో పెట్టి, సీట్లో మరిచిపోయిన రేడియో కోసం మళ్ళీ బస్సెక్కింది. నేను సరేనన్నానో లేదో ఆమెకు పట్టలేదు. ప్రాక్టికల్సు అయ్యేదాకా నా ఇంట్లోనే ఉంది. నా మంచం ఆమెకు, చాప నాకు.

ఆమెది ఉదయగిరి, బాప్టిస్టు చర్చి వెనక వీధి. తండ్రి తాపీమేస్త్రి. ఇంటరులో మంచి మార్కులొచ్చినా కాలేజీకి పంపలేదు. టీచరు ట్రైనింగయితే తొందరగా ఉద్యోగమొస్తుందన్నారు. అన్నట్టే వచ్చింది, సీతారామపురం అవతల, బస్సు వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు ఉండే ఊళ్ళో. అప్పటి నుంచి ఏడో తరగతి దాకా సైన్సు చెబుతోంది. ఆమ్లం తగిలితే నీలం లిట్మస్ ఎర్రబడుతుందని ఏటా చెబుతుంది. లిట్మస్ కాగితాన్ని మాత్రం ఆమె జన్మలో చూడలేదు. ఎర్ర సుద్దముక్కతో బోర్డు మీద గీసి చూపిస్తుంది.

"చూడకుండానే చూసినట్టు చెప్తా ఉండాను అక్కా. ఎన్నాళ్ళు చెప్పాల ఈ అబద్ధం?" అని ఆ రాత్రి నా మంచం మీద పడుకుని నన్నే నిలదీసింది, నేనేదో చెప్పించినట్టు.

డిగ్రీ వస్తే ఉదయగిరి హైస్కూలుకు సైన్సు టీచరుగా ప్రమోషను. అక్కడ చిన్నదో పెద్దదో ఒక ల్యాబ్ ఉంది. డిగ్రీ రావాలంటే ఈ వేసవిలో కెమిస్ట్రీ ప్రాక్టికల్సు పూర్తి చేసినట్టు ఒక సంతకం కావాలి. ఆ సంతకం చెంచురామయ్య సారు పెట్టాలి. సుజన బతుకు మొత్తం ఆ వేసవిలో ఆ ఒక్క మనిషి పెన్నుకు వేలాడుతూ ఉంది.

చెంచురామయ్య ఊరవతల ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. పాఠాలు పోస్టులో కవర్లలో వచ్చే మా దూరవిద్య స్టడీ సెంటరు కూడా అదే కాలేజీలో ఉండేది గనుక సెలవుల్లో మాకూ ఆయనే సారు. వీటికి తోడు రేడియోలో మాకు వచ్చే కెమిస్ట్రీ పాఠాల గొంతు కూడా ఆయనదే. ఏం గొంతది! దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు ముందు కూర్చుని రోజంతా గొంతులు వినే ఉద్యోగం నాది. తియ్యటి గొంతువాళ్ళే లైను కలవకపోతే ముందుగా బూతులు తిడతారని నాకు బాగా తెలుసు. ఆ జ్ఞానం సుజనకు లేదు. ఆ గొంతును ఆమె దేవుడి పక్కన కూర్చోబెట్టింది.

సుజన ఉండే ఊళ్ళో రేడియో సరిగా పలకాలంటే నీళ్ళతొట్టి గట్టు మీద పెట్టాలట. పొద్దున్నే అంట్లు తోముతూ, బూడిద చేతులతో పాఠం వినేది. ఒకరోజు ఆ గొంతు ఇలా అంది: "ప్రియమైన విద్యార్థులారా, మీ ఇంట్లో తెల్లగుడ్డ మీద పసుపు మరక ఉందా? దానికి సబ్బు రాయండి. ఎర్రబడుతుంది. భయపడకండి. తనకు క్షారం తగిలిందని పసుపు మీకు చెబుతోంది. రసాయనశాస్త్రం ఎక్కడో లేదు, మీ దండెం మీదే ఉంది."

సుజన వెంటనే లేచి, మరకలేవీ లేకపోయేసరికి మొగుడు యేసుబాబు తెల్లచొక్కాకు కావాలనే పసుపు పూసి, సబ్బు రాసింది. ఎర్రబడింది. ఆమె కంటితో చూసిన మొదటి సైన్సు అది. యేసుబాబు మండలాఫీసుకు బనీనుతో పోలేక రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అత్త మాత్రం మాట్లాడింది.

"మా అనురాధ కాలేజీ చదువు చదవతా ఉండాది, చొక్కా మీద మరక పడిందా ఏనాడన్నా? నీది కవరు చదువు. కవర్లో వచ్చేది చదువేందే? శుభలేఖా?"

అనురాధ ఆమె ఆడబిడ్డ. ఇదే ఆత్మకూరు కాలేజీలో రెగ్యులర్ బీయస్సీ. ఇదే చెంచురామయ్య ఎదుట మూడేళ్ళుగా కూర్చుని చదువుతోంది. తల్లి మాటకు తన మాట కూడా కలిపింది. "మాకు సారు ఎదురుగా ఉంటాడు వదినా. నీకు వచ్చేది గొంతే గదా." ఆ మాటకు సుజన ఏడ్చింది. అత్త మాటకు ఏడవని మనిషి దీనికి ఏడ్చింది, ఎందుకంటే అది నిజమని ఆమె కూడా నమ్మింది. ఎదురుగా సారు, చేతిలో గాజుగొట్టాలు, పక్కన నీళ్ళ కొళాయి. అదీ చదువంటే అనుకుంది. తనకు దక్కేది చదువు మొత్తానికీ ఈ వేసవిలో వారం పది రోజులు. ఆ పది రోజుల కోసం ఏడాదంతా కాచుకుంది.

మొదటిరోజు ల్యాబులో చేరిన మమ్మల్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. సోమశిల డ్యాం ఆఫీసు గుమాస్తా, ఏఎస్ పేట దర్గా దగ్గర అంగడాయన, ఇద్దరు పంతుళ్ళు, నేను, సుజన, ఇంకా కొందరు. నెత్తిన నెరిసిన వెంట్రుకలు, చంకలో టిఫిను క్యారియర్లు. సుజన ఉదయగిరి నుంచి కొయ్య గరిటె ఒకటి తెచ్చింది. మా వైపు ఆ చెక్కపని పేరున్నది. పిడి మీద సన్నటి లతలు చెక్కి ఉన్నాయి. సారు రాగానే రెండు చేతులతో ఇచ్చింది.

"సార్, మీ పాఠాలు ఒక్కటి కూడా ఇడిసిపెట్టలేదు సార్."

ఆయన గరిటెను ఒకసారి, ఆమెను అరసారి చూశాడు. "కూర్చోండమ్మా" అన్నాడు. టేప్‌రికార్డరు బల్లమీద పెట్టి, క్యాసెట్ వేసి, బొత్తాము నొక్కి, వరండాలోకి పోయి పేపరు విప్పాడు. క్యాసెట్‌లోంచి ఆయనే పలికాడు, "ప్రియమైన విద్యార్థులారా" అని.

మాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, సిగ్గేసింది. అవి రేడియోలో విన్న పాఠాలే. ఇంటి దగ్గర అంట్లు తోముతూ విన్నదాన్ని, బస్సులు మారి, దర్గాకు పోయే జనంలో నలిగి వచ్చి, బల్లల మీద కూర్చుని మళ్ళీ వింటున్నాం. పాఠం చెప్పే మనిషి అద్దాల కిటికీ అవతల కాలు మీద కాలేసుకుని సినిమా పేజీ చదువుతున్నాడు. నాకైతే ఆ టేప్‌రికార్డరు ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. వేయలేదు, ఎందుకంటే నాకూ ఆ సంతకం కావాలి.

మొదటి వైపు పసుపు పాఠం, రెండో వైపు ఆమ్లక్షారాల కొలత. రెండో వైపు మధ్యలో ఆ గొంతు, "ఇప్పుడు బ్యూరెట్‌ను చేతిలోకి తీసుకోండి" అంది. బ్యూరెట్ అంటే కింద కొళాయి ఉండే పొడవాటి గాజుగొట్టం. సుజన లేచి, క్యాసెట్ ఆపి, కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కింది. "ఇప్పుడు బ్యూరెట్‌ను చేతిలోకి తీసుకోండి." మళ్ళీ తిప్పింది. మళ్ళీ నొక్కింది. "చేతిలోకి తీసుకోండి." దర్గా అంగడాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అదే మాట అన్నిసార్లు వినబడేసరికి సారు పేపరు మడిచి లోపలికొచ్చాడు.

"ఏందమ్మా ఈ ఆట?"

"మీరు తీసుకోమంటా ఉండారు సార్. యాడుండాది?"

"అది రేడియో. ఇది కాలేజీ" అన్నాడు చెంచురామయ్య. ఆ మాటలో ఏదైనా తప్పుందని ఆయనకు ఏ కోశానా తోచలేదు. "పగలగొడితే ఎవురు జవాబు చెప్పేది? కవరు చదువులోళ్ళకు గాజుసామాను ఇచ్చేదానికి యాడా రూలు లేదు. చివరిరోజు అందరికీ సంతకాలు పెడతా. పొయ్యి కూర్చోండి."

ఆ మాటతో మాలో సగంమంది మెత్తబడ్డారు. సంతకం వస్తుందిగా, ఇంకేం కావాలి? నిజం చెప్పొద్దూ, నేనూ మెత్తబడ్డాను. సుజన మెత్తబడలేదు. పోయి తాళం వేసిన అద్దాల బీరువాకు వీపు ఆనించి నేలమీద కూర్చుంది.

"నాకు ఉత్త సంతకం వద్దు సార్. ఇంకో అబద్ధం మోసుకోని నేను ఇంటికి పోలేను. ఈ బీరువా తెరిచిందాకా ఈడనే ఉంటా."

భోజనానికీ లేవలేదు. మర్నాడూ అంతే. వచ్చీరాగానే బీరువా ముందు బైఠాయించింది. మూడోరోజు పొద్దున కాలేజీ నడిపే కరస్పాండెంటు అటుగా వచ్చి, "ఎవరాయమ్మ? కిందెందుకు కూర్చుంది?" అని అడిగాడు. చెంచురామయ్య ఏదో సర్దిచెప్పి పంపాడు. కరస్పాండెంటు అటు పోగానే అటెండరు శీనయ్యను పిలిచి తాళంచెవి తెమ్మన్నాడు. కోపంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బీరువా తలుపు తెరుచుకుంది. బ్యూరెట్లు, ఫ్లాస్కులు, గాజు గరాట్లు, అన్నీ ఉన్నాయి. కొన్నింటికి వచ్చినప్పటి వరిగడ్డి ఇంకా చుట్టే ఉంది. గడ్డి లేనివాటికి గడపకు పూసినట్టు పసుపు పూసి, పైన కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి.

"ఏంది శీనయ్యా ఇది?" అన్నాడు డ్యాం గుమాస్తా.

"ఏటా దసరాకు ఆయుధపూజ గదయ్యా. బయటికి తీసి, పసుపు పూసి, టెంకాయ కొట్టి మళ్ళీ లోపల పెట్టేస్తాం."

"మరి పిల్లకాయలు ప్రాక్టికల్సు చేసేటప్పుడు పసుపు పోదా?"

శీనయ్య సారు వైపు చూసి, నేల చూపు చూశాడు. సుజన మాత్రం ఆ పసుపునే చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో రంగులు మారడం నేను చూశాను. అనురాధకు మొన్న మార్చిలో ప్రాక్టికల్సులో ఫుల్ మార్కులొచ్చాయని అత్త వీధంతా పలహారం పంచింది.

యూనివర్సిటీ మాకోసం పంపిన రసాయనాల పెట్టె సీలు కూడా ఆరోజే విప్పారు. "ఈమె ఒక్కతే చేస్తాది, తక్కినోళ్ళు చూడండి" అన్నాడు సారు. సుజన బ్యూరెట్‌నూ గరాటునూ కడగబోయింది. పుస్తకంలో ముందు కడగాలని రాసి ఉంది.

"నీళ్ళు యాడుండాయమ్మా ఈ ఎండల్లో? తాగేదానికే కడవెడు వచ్చేది. అయ్యి కొత్తవేగదా, కానీ, కానీ" అని, ఆమె తెచ్చిన కొయ్య గరిటెతోనే బల్లమీద టకటకా కొట్టాడు. ఆ గరిటెను బెత్తంగా మార్చుకున్నందుకు ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

సుజన ఫ్లాస్కులో ఆమ్లం పోసి, బ్యూరెట్ నోట్లో గరాటు పెట్టి క్షారం పోయడం మొదలుపెట్టింది. నీళ్ళలా తెల్లగా ఉండాల్సిన ద్రవం గరాటులోనే ఎర్రబడి, బ్యూరెట్‌లోకి ఎర్రగా జారింది. ఆమె చేయి ఆగిపోయింది.

సారు ఒక్క గెంతులో వచ్చాడు. "ఏం కలిపినావు? రంగుమందు ఫ్లాస్కులో పొయ్యమంటే బ్యూరెట్‌లో పోస్తావా? చూసినారా? అందుకే చెప్పింది, ఈళ్ళ చేతికి సామాను ఇయ్యకూడదని! మా రెగ్యులర్ పిల్లకాయలు మూడేళ్ళలో ఒక్క తప్పు చేసినారా? నీకు సంతకం లేదు. రాసి పంపిస్తా యూనివర్సిటీకి, ఈమె సామాను ఖరాబు చేసిందని."

"నేనేం కలపలేదు సార్" అంది సుజన. మూడు రోజులు బీరువా ముందు కూర్చున్న మనిషి ఆ రంగు చూసి భయపడిపోయింది. తను నిజంగానే ఏదో తప్పు చేశాననుకుంది. ఏడాది ఎదురుచూసిన పని మొదటి నిమిషంలోనే చెడిపోయిందని ఆమె కళ్ళల్లో కనబడుతోంది.

నాకు ఒళ్ళు మండింది. లేచి టేప్‌రికార్డరు దగ్గరికి పోయాను. క్యాసెట్ రెండో వైపు నుంచి మొదటి వైపుకు మార్చాను. మూడు రోజులుగా అదే గోల వింటున్నాను గనుక ఏ మాట ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. గొంతు పెంచి నొక్కాను.

"...పసుపు మరక ఉందా? దానికి సబ్బు రాయండి. ఎర్రబడుతుంది. భయపడకండి. తనకు క్షారం తగిలిందని పసుపు మీకు చెబుతోంది."

ముందు దర్గా అంగడాయన పగలబడ్డాడు. తర్వాత ఇద్దరు పంతుళ్ళు. తర్వాత ల్యాబంతా. శీనయ్య కూడా నోరు మూసుకోలేకపోయాడు. సుజన గరాటు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. అంచున ఇంకా తడవని చోట పచ్చగా, క్షారం తగిలినచోట ఎర్రగా ఉంది.

"ఆపండి" అన్నాడు చెంచురామయ్య. నేను ఆపలేదు. ఆయనే వచ్చి బొత్తాము పీకినంత పని చేశాడు.

"ఈ పాఠం మీదే గద సార్" అంది సుజన. "నేను మా ఆయన చొక్కా ఖరాబు చేసుకోని నేర్చుకున్నా. మీరు చెప్పిందే మీకు తెలవదా?"

ఆయన మాకేసి చూడలేదు. "నేను రాసింది కాదది" అన్నాడు చివరికి. "ఎవరో రాసినారు. నాకు కవర్లో పంపిస్తే మైకు ముందు చదివినాను. అంతే."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. మమ్మల్ని కవరు చదువులోళ్ళని అన్ని రోజులు ఈసడించిన మనిషి, తనకొచ్చిన కవరును కూడా చదువుకోలేదు, పైకి చదివాడంతే. పాపం అనాలని కూడా నాకు అనిపించలేదు. సుజన కడవ దగ్గరికి పోయి, తాగేనీళ్ళే ముంచి, గరాటునూ బ్యూరెట్‌నూ శుభ్రంగా కడిగింది. ఈసారి ఆయన నీళ్ళ సంగతి ఎత్తలేదు. ఫ్లాస్కులో ఆమ్లం, క్షారం మించగానే రంగు చూపే రంగుమందు రెండు చుక్కలు. పైనుంచి చుక్కచుక్కగా క్షారం. ఉన్నట్టుండి ఒక్క చుక్కకు ఫ్లాస్కంతా లేత గులాబీ రంగైంది. సుజన ఆ ఫ్లాస్కును రెండు చేతుల్లో పట్టుకుని అందరికీ చూపిస్తూ ల్యాబంతా తిరిగింది. ముప్పయ్యేళ్ళ మనిషి, సిగ్గు లేకుండా ఏడుస్తూ తిరిగింది.

ఆదివారం చర్చికని ఇంటికి పోయి సోమవారం అనురాధను వెంటబెట్టుకొచ్చింది. ఇంట్లో ఏం జరిగిందో నాకు తనే చెప్పింది. "బ్యూరెట్ కొళాయి ఏ చేత్తో తిప్పతావు అనూ?" అని అడిగిందట. అనురాధ ముందు తిట్టింది. ఆ తర్వాత ఏడ్చింది. "మాకు ఎప్పుడూ తీయలేదు వదినా. సారు బోర్డు మీద అంకెలు రాస్తాడు, మేము దించుకుంటాం. మార్కులు ఆయనే ఏస్తాడు." అత్త వింటూనే ఉందట. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో శుభలేఖల మాట మళ్ళీ రాలేదు.

మూడేళ్ళు సారు ఎదుట కూర్చున్న అనురాధ వంతులవారీగా కొలత చేస్తున్న మా నెరిసిన తలల వరసలో చివర నిలబడి మొదటిసారి బ్యూరెట్ పట్టుకుంది. చెంచురామయ్య చూసి కూడా చూడనట్టు వరండాలోకి పోయాడు. సుజన ఆడబిడ్డను దగ్గరికి తీసుకోలేదు, ఓదార్చలేదు. "కొళాయికి ఎడమ చెయ్యి. కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పతా ఉండు. నా మొహం చూడబాకు, రంగు చూడు" అని కసిరింది. అనురాధ ఆమె మొహం చూడలేదు. రంగు చూసింది.

చివరిరోజు సంతకాలు పెట్టేటప్పుడు సారు తల ఎత్తలేదు. సుజన బల్లమీది గరిటె తీసుకుని తన సంచిలో వేసుకుంది.

డిగ్రీ వచ్చింది. మూడేళ్ళకు ప్రమోషనూ వచ్చి ఉదయగిరి హైస్కూల్లో చేరింది. ఆ ఏడాది దసరా సెలవులిచ్చే రోజు నేను ఆమెను చూడ్డానికి వెళ్ళాను. అటెండరు మాలకొండయ్య పసుపు గిన్నె పట్టుకుని ల్యాబు బయటే తచ్చాడుతున్నాడు. టీచరమ్మ చర్చికి పోయే మనిషి, పూజ వద్దంటుందేమోనని అతని భయం.

"రాయ్యా, పెట్టుకో. పైన పెట్టు, లోపలికి కారనీబాకు" అంది సుజన, బీరువా తెరిచి పక్కన నిలబడుతూ. అతను ఒక్కొక్కటే తీస్తుంటే తనే చెప్పసాగింది. "అది పిల్లకాయలు వాడినారు, పెట్టు. అదీ వాడినారు, పెట్టు. ఆ పగిలిందానికి కూడా పెట్టు, వాడబట్టే పగిలింది."

వెనక వరసలో కొత్త త్రాసు ఒకటి, ఇంకా కాగితం చుట్టే ఉంది. మాలకొండయ్య దాన్ని తీసి పసుపులో వేలు ముంచాడు. సుజన అతని చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఇంకా ఎవురూ ముట్టలేదు. దానికి వచ్చే దసరాకు పెడుదువులే."